గాలికి వేషం కట్టించినవాడు

1941 సెప్టెంబరు 22న స్టాక్‌హోమ్ అంచున, వింటర్వికెన్ అనే చోట ఒక గోదాము పేలిపోయింది. ఆ చోటికి పేలుళ్లతో పాత పరిచయమే. 1865లో ఆల్ఫ్రెడ్ నోబెల్ తన నైట్రోగ్లిజరిన్ ఫ్యాక్టరీ పెట్టుకున్నది అక్కడే. అయితే ఈసారి పేలింది మందుగుండు కాదు, సినిమా. స్వీడన్‌లో అతి పెద్ద చిత్రసంస్థ స్వెన్స్క్ ఫిల్మ్‌ఇండస్ట్రీ తన పాత మూకీల నెగెటివ్‌లను అక్కడ దాచిపెట్టింది. ఆ కాలపు ఫిల్ము నైట్రేటు ఫిల్ము. తుపాకీ మందుకు దగ్గరి చుట్టం. ఒకసారి అంటుకుంటే కాలడానికి కావలసిన ఆక్సిజన్‌ను తనలోంచే పుట్టించుకుంటుంది. నీళ్లలో ముంచినా ఆరదు.

అంతకు రెండు రోజుల ముందే విక్టర్ షోస్ట్రోమ్‌కు 62 ఏళ్లు నిండాయి. కాలిపోయిన రీళ్లలో ఆయన పడుచుతనమంతా ఉంది. 1912 నుంచి 1923 దాకా ఆయన స్వీడన్‌లో నలభైకి పైగా సినిమాలు తీశాడు. వాటిలో మొదటి నాలుగైదేళ్లవి చూద్దామంటే ఇవాళ దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. ఆ మిగిలిన కాసిన్నీ కూడా చాలావరకు దేశం దాటి వెళ్లడం వల్ల బతికాయి. ఏ ఊరి అటకమీదో, ఏ పరాయి ఆర్కైవులోనో పరభాషా టైటిళ్లతో పడి ఉండి, ఎవరో డబ్బా మూత తీసినప్పుడు బయటపడ్డాయి. స్వీడిష్ సినిమా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చే పేరు ఇంగ్మార్ బెర్గ్‌మన్. ఆ బెర్గ్‌మన్ గురువు అని పిలుచుకున్న మనిషి ఈయన.

షోస్ట్రోమ్ 1879లో, స్వీడన్ పడమటి వైపు వార్మ్‌లాండ్ సీమలోని సిల్బోదాల్‌లో పుట్టాడు. ఏడాది పసివాడిగా ఉన్నప్పుడే తండ్రి కుటుంబాన్ని అమెరికా తీసుకుపోయాడు. ఆ రోజుల్లో స్వీడన్ పల్లెల నుంచి లక్షలమంది అలాగే ఓడ ఎక్కారు. బ్రూక్లిన్‌లో కాపురం. విక్టర్‌కు ఏడేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆయన దైవభక్తి ఎక్కువ, చనువు తక్కువ ఉన్న మనిషి. పిల్లవాడు ఆ ఇంట్లో ఇమడలేక తిరిగి స్వీడన్‌లోని బంధువుల పంచకు చేరాడు. తల్లి పెళ్లికి ముందు నటి. మేనమామ కూడా రంగస్థలం మనిషే. పదిహేడేళ్లకల్లా విక్టర్ ఊరూరా తిరిగే ఒక నాటక సమాజంలో చేరిపోయాడు.

తరవాత పదిహేనేళ్లు నాటకాలే లోకం. భారీ విగ్రహం, గంభీరమైన కంఠం, చూపులో ఒక మొండితనం. ముప్పై దాటేసరికి సొంత బృందం నడిపే స్థాయికి వచ్చాడు. అప్పటికి సినిమా అంటే పెద్దమనుషులు ముక్కు చిట్లించే వ్యవహారం. తిరునాళ్లలో గారడీ డేరా పక్కన వేసే తమాషా. నాటకాల్లో పేరున్నవాడు అటు వెళ్లడమంటే ఒక మెట్టు దిగడమే.

ఆ మెట్టు దిగేలా చేసినవాడు చార్లెస్ మాగ్నుసన్. స్వెన్స్కా బయోగ్రాఫ్‌తియేటర్న్ అనే సంస్థకు ఆయన అధిపతి. జనం నోట స్వెన్స్కా బయో. దక్షిణాన క్రిస్టియాన్‌స్టాడ్ అనే చిన్న ఊళ్లో మొదలైన ఆ సంస్థను ఆయన రాజధానికి తెచ్చి, స్టాక్‌హోమ్ పక్కనే ఉన్న లీదింగో దీవిలో స్టూడియో కట్టించాడు. దాని గోడలూ పైకప్పూ అద్దాలే. అప్పటి ఫిల్ముకు ఎండే దీపం కాబట్టి. 1912లో ఆయన ఇద్దరు నాటకాల వాళ్లను జీతానికి పెట్టుకున్నాడు. ఒకరు షోస్ట్రోమ్. రెండోవాడు మౌరిట్స్ స్టిల్లర్. హెల్సింకీలో పుట్టిన యూదు అనాథ, రష్యా జార్ సైన్యంలో చేరమంటే తప్పించుకుని స్వీడన్‌కు పారిపోయి వచ్చినవాడు. స్టిల్లర్‌ది పట్టు కోటు, విసురు మాట. షోస్ట్రోమ్‌ది ముతక కంబళి లాంటి స్వభావం. ఇద్దరికీ ఎలా కుదిరిందో గానీ, కడదాకా కుదిరింది.

షోస్ట్రోమ్ దర్శకత్వం చేసిన తొలి సినిమాల్లో ఒకటి 'తోటమాలి'. స్టిల్లర్ రాసిన కథ. కొడుకు ప్రేమించిన పిల్లపై కన్నేసి, కొడుకును ఊరు పంపించి, ఆమెను చెరిచే తోటమాలి వేషం షోస్ట్రోమే వేశాడు. చివరికి ఆ అమ్మాయి అద్దాల తోటలో పూల మధ్య ప్రాణం విడుస్తుంది. స్వీడన్‌లో అప్పుడే, 1911లో, ప్రభుత్వ సెన్సారు కార్యాలయం పుట్టింది. దేశవ్యాప్తంగా పనిచేసే సర్కారు సెన్సారు ప్రపంచంలో అదే మొదటిది. వాళ్లు ఈ సినిమాను చూసి మొత్తంగా నిషేధించారు. సొంత దేశంలో బొమ్మ పడకముందే ఆగిపోయిన ఆ సినిమా ప్రింటు ఒకటి అమెరికా చేరింది. సుమారు 70 ఏళ్ల తరవాత అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కనబడింది. సెన్సారు చంపిందనుకున్న సినిమా అలా బతికింది. సెన్సారు ముద్ర వేసి పంపిన వాటిలో ఎన్నో గోదాములో కాలిపోయాయి. ఇంత వెటకారం కథలో రాస్తే ఎవరూ నమ్మరు.

1913లో వచ్చిన 'ఇంగెబోర్గ్ హోల్మ్' మాత్రం ఆయనకు దేశంలో పేరు తెచ్చింది. నీల్స్ క్రోక్ అనే రచయిత హెల్సింగ్‌బోర్గ్‌లో పేదల సహాయ సంఘంలో పనిచేస్తూ కళ్లారా చూసిన సంగతుల మీద రాసిన నాటకం దీనికి మూలం. భర్త క్షయతో పోతాడు. కిరాణా కొట్టు అప్పుల్లో మునుగుతుంది. ఇల్లాలు ముగ్గురు పిల్లలతో పేదల ఆశ్రమం గుమ్మం తొక్కుతుంది. ఆశ్రమంవాళ్లు పిల్లల్ని తలా ఒక ఇంటికి పెంపకానికి ఇచ్చేస్తారు. ఆ కాలపు స్వీడన్‌లో పేదపిల్లల్ని సాకే పనికి వేలం వేసే ఆచారం ఉండేది. మామూలు వేలానికి తలకిందులు. ఎవరు తక్కువ ఖర్చుకు పోషిస్తామంటే వాళ్ల పాట ఖాయం. పిల్లవాడి కడుపు ఎంత కాలితే పంచాయతీకి అంత ఆదా అన్నమాట.

ఈ సినిమాలో ఒక సన్నివేశం ఉంది. పెంపుడు తల్లి పిల్లవాడిని తీసుకుపోతుంటుంది. వాడు నాలుగడుగులు వేసి వెనక్కి పరుగెత్తుకొస్తాడు. మళ్లీ తీసుకెళ్తారు, మళ్లీ వస్తాడు. తాను కనిపిస్తే వాడు కదలడని తెలిసి తల్లి తలుపు వెనక నక్కుతుంది. కెమెరా కదలదు, దగ్గరికి పోదు, ఎక్కడా కత్తిరింపు లేదు. ఆ వేషం వేసిన హిల్డా బోర్గ్‌స్ట్రోమ్ గుండెలు బాదుకోదు, చేతులు ఆకాశానికి చాచదు. అదే ఏడాది తక్కిన దేశాల తెరల మీద నటీమణులు ఎంత ఆర్భాటం చేసేవారో చూసినవాళ్లకు ఈ నెమ్మది ఎంత సాహసమో అర్థమవుతుంది. పత్రికల్లో పెద్ద రభస అయింది. ఆశ్రమాలను ఇంత కఠినంగా చూపడం అబద్ధమని కొందరు, ఇంకా తగ్గించి చూపాడని కొందరు. 1918లో వచ్చిన కొత్త చట్టం వేలంపాటలను రద్దు చేసింది. ఆ చట్టం ఈ సినిమా వల్లే వచ్చిందని రాసేవాళ్లున్నారు. అంత ఘనత ఒక సినిమాకు కట్టబెట్టనక్కర్లేదు. వాదనకు ఒక ముఖం ఇచ్చింది, అది చాలు.

ఆ తరవాతి రెండు మూడేళ్లలో షోస్ట్రోమ్ చకచకా సినిమాలు తీశాడు. ఏడాదికి అరడజనుకు పైగా. మెలోడ్రామాలు, గూఢచారి కథలు, సర్కసు కథలు. తీసిన వేగంతోనే జనం మరిచిపోయే సరుకు. ఆయనకే విసుగు పుట్టింది. 1916 వేసవిలో సైకిలెక్కి పడమటికి బయల్దేరాడు. పుట్టిన వార్మ్‌లాండ్ మీదుగా వెళ్లి, సరిహద్దు దాటి, నార్వే తీరంలో గ్రిమ్‌స్టాడ్ అనే రేవు ఊరు చేరాడు. కుర్రతనంలో నాటకకర్త ఇబ్సెన్ మందుల కొట్టులో పనిచేసిన ఊరు అది. 'తెర్యె వీగెన్' అనే ఆయన కథాకావ్యం నడిచే సముద్రం కూడా అదే. ఆ కావ్యాన్ని సినిమాగా తీయమని మాగ్నుసన్ అంతకుముందే అడిగితే షోస్ట్రోమ్ వద్దన్నాడు. ఆ రాళ్లనూ అలలనూ చూశాక మనసు మారింది.

కథ జరిగేది నెపోలియన్ యుద్ధాల కాలంలో. ఇంగ్లీషు ఓడలు నార్వే తీరాన్ని దిగ్బంధం చేశాయి. ఆకలితో ఉన్న పెళ్లాం బిడ్డల కోసం తెర్యె అనే పల్లెకారు చిన్న పడవలో తెడ్లు వేసుకుంటూ డెన్మార్క్ పోయి బార్లీ గింజలు తెస్తాడు. ఇంటి గడప కనిపిస్తుండగా ఇంగ్లీషు కెప్టెన్ చేతికి చిక్కుతాడు. ఐదేళ్ల ఖైదు తరవాత తిరిగొస్తే మిగిలింది సమాధి. ఏళ్లు గడిచాక అదే కెప్టెన్ పెళ్లాంబిడ్డతో సహా తుపానులో చిక్కి ఈ ముసలి పల్లెకారు చేతిలో పడతాడు. తెర్యె వేషం షోస్ట్రోమ్‌దే. నీటి తొట్టెలో కాదు, నిజమైన సముద్రం మీద తీశారు. ఖర్చు 60,000 క్రోనార్లు. మామూలు సినిమాకు అయ్యేదానికి మూడింతలు. మాగ్నుసన్ గుండె దిటవు చేసుకుని పెట్టాడు, 1917 జనవరిలో విడుదలైన బొమ్మ ఆ డబ్బును తిరిగి తెచ్చింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. మాగ్నుసన్ లెక్క మార్చాడు. ఏడాదికి పాతిక సినిమాలు పోసే బదులు కొద్దిగా తీద్దాం, బాగా తీద్దాం అన్నాడు. కాలం కూడా కలిసొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వీడన్ ఏ పక్షానా లేదు. ఫ్రాన్స్, డెన్మార్క్ సినిమాలు యుద్ధం వల్ల చితికిపోయి ఉంటే, స్వీడన్ సినిమాలు యూరప్ అంతా తిరిగాయి. చరిత్రకారులు స్వీడిష్ సినిమా స్వర్ణయుగం అనేది ఈ ఆరేడేళ్లనే.

షోస్ట్రోమ్ మాత్రం ఆ సినిమాలు తెచ్చిన డబ్బుతో స్టూడియో అద్దాల గది నుంచి బయటపడ్డాడు. 1918లో వచ్చిన 'బెర్గ్-ఐవిండ్, అతని భార్య' ఐస్‌లాండ్ నాటకం. యుద్ధం వల్ల ఐస్‌లాండ్ వెళ్లే దారి లేక, స్వీడన్ ఉత్తరాన ఆబిస్కో కొండల్లో తీశారు. దొంగతనం మీదపడి కొండల్లోకి పారిపోయిన మనిషి, అతని కోసం ఆస్తినీ ఊరినీ వదిలేసి వచ్చిన ఆడమనిషి. ఆమెగా ఎదిత్ ఎరాస్టోఫ్. తరవాత షోస్ట్రోమ్ భార్య అయింది ఆవిడే. వేసవి కొండ వాళ్లను సాకుతుంది, శీతాకాలపు మంచు అదే వాళ్లను చంపుతుంది. పారిస్‌లో లూయి దెల్లుక్ లాంటి విమర్శకులు ఈ సినిమాను నెత్తిన పెట్టుకున్నారు. అప్పటిదాకా సినిమాల్లో కొండలూ కోనలూ రంగు పరదాలకు బదులు. ఇందులో కొండకు కోపం ఉంది, జాలి ఉంది, ఆకలి ఉంది. షోస్ట్రోమ్ బలమంతా ఇక్కడే ఉంది. కథలో మనుషులు మాట్లాడలేని మూకీ యుగంలో ఆయన మాట్లాడించింది సముద్రాన్నీ, మంచునూ, కడకు గాలినీ.

ఇక సెల్మా లాగర్లోఫ్. 1909లో సాహిత్య నోబెల్ అందుకున్న ఈవిడ ఆ బహుమతి పొందిన తొలి స్త్రీ. షోస్ట్రోమ్ లాగే వార్మ్‌లాండ్ సీమ మనిషి. ఆవిడ కథలను వరసగా తీయడానికి స్వెన్స్కా బయో ఒప్పందం కుదుర్చుకుంది. 'ఇంగ్మార్ కొడుకులు'లో ఒక రైతు పెళ్లి సంగతి తేల్చుకోలేక నిచ్చెన వేసుకుని స్వర్గానికి ఎక్కుతాడు. అక్కడ చచ్చిపోయిన తాతముత్తాతలంతా పెద్ద పెంకుటింట్లో బల్లల మీద వరసగా కూర్చుని ఉంటారు. ఊరి పంచాయతీలాగే. స్వర్గాన్ని ఇంత తాపీగా, ఇంత పల్లెటూరి ధోరణిలో చూపినవాళ్లు అరుదు.

'షోర్కార్లెన్' అంటే బండి తోలేవాడు. ప్రపంచానికి 'ఫాంటమ్ క్యారేజ్'గా తెలిసిన ఈ సినిమాకు మూలం లాగర్లోఫ్ 1912 నాటి నవలిక. క్షయ నివారణ సంఘంవాళ్లు ప్రచారానికి ఒక కథ రాసివ్వమంటే ఆవిడ దయ్యాల కథ రాసిచ్చింది. ఏడాది చివరి రాత్రి పన్నెండు కొట్టేటప్పుడు పాపం మూటగట్టుకుని చచ్చినవాడు, రాబోయే ఏడాదంతా మృత్యువు బండి తోలాలి. డేవిడ్ హోల్మ్ అనే తాగుబోతుకు ఆ వంతు వస్తుంది. షోస్ట్రోమ్ 1920 ఏప్రిల్‌లో ఎనిమిది రోజుల్లో స్క్రిప్టు రాసి, లాగర్లోఫ్ ఉండే మోర్బాకా ఇంటికి తీసుకుపోయి, రెండు గంటలపాటు ఆవిడ ముందు చదివి నటించి చూపాడు. పెద్దావిడ మాట్లాడలేదు. భోజనానికి రమ్మంది. సరే అన్నట్టని అర్థం చేసుకున్నాడు. ఒక్క చోట పేచీ వచ్చింది. తన కథ జరిగిన లాండ్స్‌క్రోనా ఊళ్లోనే తీయమని ఆవిడ పట్టు. స్టూడియోలోనే తీస్తానని ఈయన. కొండలూ సముద్రాలూ వెతుక్కుంటూ పోయిన మనిషి ఈసారి లోపలే ఉంటానన్నాడంటే కారణముంది. గాలికీ ఎండకూ వదిలేస్తే దయ్యం తెర మీద నిలవదు.

ఆ దయ్యాన్ని నిలబెట్టినవాడు కెమెరామన్ యూలియస్ యాన్‌సన్. కంప్యూటర్లు లేవు, ఆప్టికల్ యంత్రాలూ లేవు. కెమెరాలోనే పని కానివ్వాలి. ముందు గదినీ మనుషులనూ తీయాలి. ఫిల్మును వెనక్కి చుట్టాలి. నల్లని నేపథ్యంలో దయ్యం వేషాన్ని నిలబెట్టి అదే ఫిల్ము మీద మళ్లీ తీయాలి. కొన్ని షాట్లలో ఇలా నాలుగు పొరలు పడ్డాయి. కెమెరాను తిప్పేది చేత్తో. రెండోసారి తిప్పినప్పుడు మొదటిసారి వేగమే ఉండాలి, లేకపోతే బండి ఒక వేగంతో, ఊరు ఒక వేగంతో కదులుతాయి. యాన్‌సన్ దయ్యాలు గోడ మీద అంటించిన బొమ్మల్లా ఉండవు. కుర్చీ ముందు నుంచి నడుస్తాయి, బల్ల వెనక్కి పోతాయి. ఒక చోట ఆ బండి సముద్రపు అలల మీద నడిచి వస్తుంది. తోలేవాడు దిగి, నీటి అడుగున పడి ఉన్న మనిషిని భుజాన వేసుకుంటాడు. నూరేళ్లు దాటినా ఆ షాటు చూస్తే వెన్నులో చలి పుడుతుంది.

కానీ ఆ సినిమాలో అసలు భయం దయ్యం కాదు. డేవిడ్ హోల్మ్ మనిషిగా బతికి ఉన్నప్పటి సంగతులే. క్షయ ఉన్న మనిషి, పిల్లల మొహం మీద కావాలని దగ్గుతాడు. భార్య గదిలో పెట్టి తాళం వేస్తే గొడ్డలితో తలుపు పగలగొడతాడు. ఆ గొడ్డలి చాలామందికి తెలిసే ఉంటుంది. 1980లో స్టాన్లీ క్యూబ్రిక్ 'ది షైనింగ్'లో జాక్ నికల్సన్ అచ్చం అలాగే తలుపు చీలుస్తాడు. భార్య వేషం హిల్డా బోర్గ్‌స్ట్రోమ్‌ది. ఇంగెబోర్గ్ హోల్మ్ తరవాత మళ్లీ ఆవిడకు హోల్మ్ ఇంటిపేరే, మళ్లీ కష్టాలే. డేవిడ్ వేషం షోస్ట్రోమ్ తానే వేసుకున్నాడు. తోటమాలి దగ్గర్నుంచి ఈ తాగుబోతు దాకా, ఇంట్లోవాళ్లను నలిపేసే మగవాళ్ల వేషాలు ఆయన వేరేవాళ్లకు వదిలిపెట్టింది తక్కువ. బ్రూక్లిన్ ఇంటి జ్ఞాపకం ఇందులో ఎంతో కొంత ఉంటుందనిపిస్తుంది.

1921 జనవరి 1న విడుదల. కొత్త ఏడాది మొదటి రోజునే, పాత ఏడాది చివరి రాత్రి కథ. ఆ సినిమాను కుర్రతనంలో చూసిన ఇంగ్మార్ బెర్గ్‌మన్ తరవాత ఏటా ఒకసారైనా వేసుకుని చూసేవాడు. 2000లో ఎనభై దాటిన వయసులో, ఈ సినిమా తయారీ నాటి లాగర్లోఫ్‌నూ షోస్ట్రోమ్‌నూ యాన్‌సన్‌నూ పాత్రలుగా పెట్టి పెర్ ఊలోవ్ ఎన్‌క్విస్ట్ రాసిన నాటకాన్ని టీవీకి తీశాడు.

స్వర్ణయుగాలు ఎక్కువ కాలం ఉండవు, జమాఖర్చులు ఒప్పుకోవు. 1919లో స్వెన్స్కా బయో మరో సంస్థతో కలిసి స్వెన్స్క్ ఫిల్మ్‌ఇండస్ట్రీ అయింది. రోసుందాలో పెద్ద ఫిల్మ్ సిటీ కట్టారు. యుద్ధం ముగిసి అమెరికా సినిమాలు, జర్మనీ సినిమాలు మళ్లీ మార్కెట్లోకి వెల్లువెత్తాయి. ఖరీదైన స్వీడిష్ సినిమాలకు బయటి గిరాకీ పడిపోయింది. 1923లో గోల్డ్‌విన్ సంస్థ పిలిస్తే షోస్ట్రోమ్ హాలీవుడ్ వెళ్లాడు. చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో నేర్చిన ఇంగ్లీషు అప్పుడు అక్కరకొచ్చింది. స్వీడిష్‌లో 'ష్యో' అంటే సరస్సు, సముద్రం కూడా. అమెరికావాళ్లు ఆ సగాన్ని అనువదించి, మిగతా సగాన్ని అలాగే ఉంచి 'విక్టర్ సీస్ట్రోమ్' అని తెర మీద వేశారు. సముద్రాన్ని నటింపజేసినవాడి పేరులో సముద్రాన్ని వాళ్లు పోగొట్టలేదు, అంతవరకు నయం.

మరుసటి ఏడాది గోల్డ్‌విన్ విలీనమై మెట్రో-గోల్డ్‌విన్-మేయర్ అయింది. గర్జించే సింహం గుర్తు ఉన్న ఆ మహాసంస్థ నిర్మించిన మొట్టమొదటి సినిమా ఈ స్వీడన్ మనిషి తీసిందే. 'హీ హూ గెట్స్ స్లాప్డ్'. తన పరిశోధననూ భార్యనూ కాజేసిన జమీందారు చేత సభలో చెంపదెబ్బ తిన్న శాస్త్రవేత్త, సర్కసులో జోకరై, రోజూ వందల చెంపదెబ్బలు తినడమే ఆటగా బతుకుతాడు. ఆ వేషం లాన్ చానీది. బాగా ఆడింది. 1926లో 'స్కార్లెట్ లెటర్'. చర్చి సంఘాలు వద్దన్న నవలను నటి లిలియన్ గిష్ వాళ్లకు నచ్చజెప్పి ఒప్పించింది, దర్శకుడిగా షోస్ట్రోమ్‌నే కోరుకుంది. పక్కన స్వీడన్ నుంచి వచ్చిన లార్స్ హాన్సన్. షాటులో ఆవిడ ఇంగ్లీషులో, ఆయన స్వీడిష్‌లో మాట్లాడుకునేవారు. మూకీ కదా, ఇబ్బందేముంది.

వాళ్లిద్దరితోనే 1927లో 'ది విండ్'. కథ మూడు ముక్కల్లో చెప్పొచ్చు. వర్జీనియా నుంచి టెక్సస్‌కు వచ్చిన పిల్ల, ఆగని గాలి, పిచ్చి. మొహావీ ఎడారిలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర తీశారు. వేడి 49 డిగ్రీల దాకా పోయింది. ఫిల్ము మీది పూత కరుగుతుంటే మంచుగడ్డల్లో పెట్టి కాపాడారు. కారు తలుపు పట్టుకుంటే గిష్ అరచెయ్యి కాలింది. గాలి చాలలేదని ఎనిమిది విమానాల పంకాలు తెచ్చి పెట్టి, ఇసుకనూ రంపపు పొట్టునూ మొహాల మీదికి కొట్టించారు. తాను చేసిన సినిమాలన్నిటిలో ఇదే ఒళ్లు హూనం చేసిందని గిష్ చెప్పుకునేది.

వినిపించని గాలిని ఎలా చూపడం? గుడిసె గోడల సందుల్లోంచి రొట్టె మీద ఇసుక రాలుతుంది. గిన్నెలు ఇసుకతోనే తోముకోవాలి. దీపం ఊగుతుంది, కిటికీ ఊగుతుంది, ఆమె కళ్ల ముందు నేలే ఊగుతుంది. ఆకాశంలో ఒక తెల్ల గుర్రం దౌడు తీస్తుంటుంది. గాలి దయ్యం అదే. తనను చెరిచినవాడిని ఆమె కాల్చి చంపి ఇసుకలో పూడ్చిపెడుతుంది. కిటికీలోంచి చూస్తుంటే గాలి కొద్దికొద్దిగా ఇసుకను ఊదేస్తుంది. మొదట చెయ్యి. తరవాత మొహం. సినిమా హాల్లో పియానో తప్ప మరో చప్పుడు లేకపోయినా జనానికి ఆ హోరు వినపడి ఉంటుంది. నవలలో ఆ పిల్ల చివరికి గాలిలోకే నడిచిపోతుంది. సినిమాలో భర్త కౌగిట్లో తలుపు తెరిచి గాలికి ఎదురు నిలుస్తుంది. సంస్థవాళ్లు బలవంతాన మార్పించారని గిష్ చెప్పింది. కాదు, మొదట్నుంచీ స్క్రిప్టు అదేనని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. ఏదేమైనా, చివరి ఐదు నిమిషాలూ మిగతా సినిమాకు అతికినట్టు ఉండవు.

బొమ్మ 1928 నవంబరులో బయటికొచ్చేసరికి ఊళ్లన్నీ టాకీల మోజులో ఉన్నాయి. గాలిని కళ్లకు వినిపించిన సినిమాను, మాటలు లేవని జనం పక్కన పెట్టారు. అదే నెలలో స్టిల్లర్ స్టాక్‌హోమ్‌లో చనిపోయాడు. నటి గ్రేటా గార్బోను వెంటబెట్టుకుని హాలీవుడ్ వెళ్లి, అక్కడివాళ్లతో పడక, సినిమా మధ్యలో తీసేస్తే తిరిగొచ్చి మంచం పట్టిన మనిషి. ఆ మంచం పక్కన షోస్ట్రోమ్ ఉన్నాడు. ఆయన గార్బోతో తీసిన 'ది డివైన్ ఉమన్' కూడా పోయింది. రష్యా ఆర్కైవులో దొరికిన ఒక్క రీలు, తొమ్మిది నిమిషాలది, అంతే మిగిలింది. హాలీవుడ్‌లో ఆయన తీసినవి తొమ్మిది. అందులో దాదాపు సగం ఇవాళ మొత్తంగా చూడ్డానికి లేవు.

1930లో స్వీడన్ తిరిగొచ్చాడు. అక్కడ ఒక టాకీ, 1937లో ఇంగ్లండ్‌లో ఒక కత్తియుద్ధాల సినిమా. ఇక దర్శకత్వం చాలించాడు. యాభై ఎనిమిదేళ్ల వయసు. మళ్లీ వేషాలు వేసుకున్నాడు, నాటకాల్లోనూ సినిమాల్లోనూ.

1943 నుంచి ఆరేళ్లు స్వెన్స్క్ ఫిల్మ్‌ఇండస్ట్రీలో కళా సలహాదారు. ఆ రోజుల్లో రోసుందా స్టూడియోలో ఒక బక్కపల్చని కుర్రాడు తొలి సినిమా తీస్తూ కనబడ్డవాడితోనల్లా తగాదా పెట్టుకుంటున్నాడు. బెర్గ్‌మన్. పెద్దాయన అతని మెడ మీద చెయ్యి వేసి, స్టూడియో ముందు అటూ ఇటూ నడిపిస్తూ చెప్పేవాడట. సన్నివేశాలు అంత మెలిక పెట్టకు. నటుల్ని ఎదురుగా నిలబెట్టి తియ్యి, వాళ్లకు అదే ఇష్టం. అందరితో పోట్లాడకు, వాళ్లకు కోపమొస్తే పని చెడగొడతారు. బెర్గ్‌మన్ ముసలితనంలో తన ఆత్మకథలో ఇది గుర్తుచేసుకున్నాడు. మూడో సలహా ఆయన ఎంతవరకు పాటించాడన్నది వేరే సంగతి.

1957 వేసవిలో అదే బెర్గ్‌మన్ 'వైల్డ్ స్ట్రాబెరీస్'లో ప్రొఫెసర్ ఇసాక్ బోర్గ్ వేషానికి షోస్ట్రోమ్‌ను అడిగాడు. 78 ఏళ్ల డాక్టరు కారులో లుండ్ నగరానికి సన్మానానికి పోతూ, దారిలో తన బతుకును తిరగేసుకునే కథ. షోస్ట్రోమ్‌కు ఆ సెప్టెంబరులో 78 నిండుతాయి. ఆరోగ్యం అంతంతమాత్రం. డైలాగు మరిచిపోతే తనమీద తనకే కోపమొచ్చి తల గోడకేసి కొట్టుకునేవాడు. అందుకని ఎక్కడ తడబడినా తప్పు తనదేనని మీద వేసుకోమని బెర్గ్‌మన్ నటి ఇంగ్రిడ్ థూలిన్‌కు ముందే చెప్పి ఉంచాడు. ఇంకో షరతు పెద్దాయనదే. ఏది ఏమైనా సాయంత్రం ఐదుంబావుకు ఇంట్లో ఉండాలి, చేతిలో విస్కీ గ్లాసు ఉండాలి.

సినిమా మొదట్లో ఒక కల వస్తుంది. మనుషుల్లేని వీధి, ముళ్లు లేని గడియారం. శవాన్ని మోసుకుంటూ ఒక గుర్రపు బండి వచ్చి దీపస్తంభానికి తగులుకుంటుంది. చక్రం ఊడి దొర్లుతుంది, శవపేటిక జారి పడుతుంది. లోపలి నుంచి చెయ్యి చాచినవాడు ఇసాక్ బోర్గే. 36 ఏళ్ల కిందట మృత్యువు బండి కథ తీసినవాడి ముందుకు ఆయన శిష్యుడు ఆ బండినే మళ్లీ తోలుకొచ్చాడు.

చివరి సన్నివేశంలో ఇసాక్ పచ్చిక బయలు దాటి నడిచి, చిన్నప్పటి అమ్మానాన్నలను సరస్సు ఒడ్డున దూరం నుంచి చూడాలి. బెర్గ్‌మన్‌కు సాయంత్రపు ఎండ కావాలి. అది ఐదు దాటితే గానీ రాదు. విస్కీ వేళ తప్పిందని షోస్ట్రోమ్ మండిపడ్డాడు. ఇంటికి పోతానన్నాడు. ఎలాగో ఒప్పించి నిలబెట్టారు. కెమెరా తిరిగింది. ఆయన గొణుక్కుంటూనే గడ్డిలోకి నడిచాడు, పడమటి వెలుగు మొహం మీద పడింది, కోపం ఎటు పోయిందో పోయింది. షాటు ఓకే అయ్యాక కారెక్కి ఇంటికి వెళ్లిపోయాడు.

సినిమా ఆ డిసెంబరు 26న విడుదలైంది. బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ వచ్చింది. 1960 జనవరి 3న, కొత్త ఏడాది వచ్చిన మూడో రోజున, షోస్ట్రోమ్ స్టాక్‌హోమ్‌లో కన్నుమూశాడు.